బొజ్జయ్య బాలింతతనం

ఖమ్మం ఆస్పత్రిలో బరువు తూచే మిషను ఎక్కమంటే బొజ్జయ్య ముందు చెప్పులు విప్పాడు. తర్వాత భుజం మీది తువ్వాల తీసి చెప్పుల మీద వేశాడు. నడుముకు కట్టుకున్న చుట్టల సంచీ కూడా ఊడదీయబోతుంటే కన్నమ్మకు ఒళ్ళు మండింది. నెల కిందట డాక్టరమ్మ బరువు పెంచుకుని రమ్మని పంపితే, ఉన్న కాస్త బరువునూ ఈ మనిషి విప్పి నేల మీద పెడుతున్నాడు.

"చెప్పులుంచుకో. ఏం బోయింది?" అంది పళ్ళ బిగువున.

"తూసేది నన్నా, చెప్పుల్నా?" అన్నాడు బొజ్జయ్య.

ముల్లు నలభై దగ్గర కాసేపు ఊగి, దానికి కొంచెం ఇవతలే ఆగిపోయింది. పోయిన నెల ఇదే ముల్లు కొంచెం అవతల ఆగింది. కన్నమ్మకు చదువు రాదు కానీ పత్తి కాంటాల దగ్గర నిలబడీ నిలబడీ ముల్లు ఎటు వాలితే ఎవరికి నష్టమో బాగానే తెలుసు. ఆమె చెప్పులు తీసి మొగుడి కాళ్ళ దగ్గర పడేసింది.

ఆపరేషన్ చేసే డాక్టరమ్మ పేరు నిర్మలాదేవి. కోపిష్టి అని పేరున్న మనిషి, కానీ ఆ రోజు కోపం కూడా చేసుకోలేదు. అది చూసే కన్నమ్మకు భయం వేసింది.

"చూడు పెద్దాయనా, పోయినసారి చెప్పిందే మళ్ళీ చెబుతున్నాను. నీ పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ ఉంది. ఆ ముక్క కోసి తీసేసి, రెండు కొసలూ దగ్గరికి లాగి కుట్టాలి. కుట్టడం నా పని. అతుక్కోవడం నీ ఒంటి పని. ఇంత నీరసించిన ఒంట్లో కుట్టు నిలబడదు. నానిపోయిన గుడ్డకు కుట్టినట్టు పక్కనుంచి చిరిగిపోతుంది. అప్పుడు కడుపంతా చీము పడుతుంది."

"గట్లయితే ఎట్ల డాక్టరమ్మా?" అంది కన్నమ్మ.

"అట్లయితే మనిషి దక్కడు." ఆమె కాగితాల మీంచి తలెత్తింది. "ఆగుదామంటే గడ్డ దారి మూసేస్తోంది. ఇంకొక్కసారి చూస్తాను. ఈసారి ఒంట్లోకి ఏదో కొంత వచ్చి ఉండాలి. ఆలోపే దారి మూసుకుపోతే ఎట్లా ఉన్నా కోయక తప్పదు. అప్పుడు నా చేతుల్లో ఏమీ ఉండదు."

ముక్కులోంచి గొట్టం వేసి తిండి పంపే ఉపాయం అయిపోయింది. పోయిన నెల వేస్తే, ఎద్దుకు వేసినట్టు నాకు ముకుతాడేందని బొజ్జయ్య పూట తిరగకుండానే పీకి పారేశాడు. మళ్ళీ వేస్తామంటే మంచం దిగి బస్టాండ్ దారి పట్టాడు. ఇక నోటితోనే తినాలి. గుడ్లు, మెత్తగా ఉడికిన పప్పు, చేపలు, కోడి పులుసు, పాలు, బలం పొడి. కొంచెం కొంచెంగా, రోజంతా. గడ్డ ఉంది కాబట్టి పీచున్న ఆకుకూరలూ వెదురు కొమ్ములూ వద్దు. అంటే అడవి ఊరికే ఇచ్చేవన్నీ వద్దు, కష్టపడి తేవాల్సినవన్నీ కావాలి.

తిండి సంగతి చూసే హేమలత వాళ్ళను పక్కకు పిలిచి బెంచీ మీద కూర్చోబెట్టింది. తల్లాడ వైపు తండా పిల్ల. ఉద్యోగం వచ్చి ఖమ్మంలో ఉంటోంది. అడవి వైపు మనుషులతో ఎలా మాట్లాడాలో తెలుసు.

"పెద్దమ్మా, నిజం చెప్పు. నేను తినమన్నయి తిన్నడా?"

"తినలే."

"బలం పొడి?"

కన్నమ్మ మొగుడి వంక చూసింది. ఆయన గోడ మీది బొమ్మల పోస్టర్‌ను చూస్తున్నాడు, అందులో తనకేదో పని ఉన్నట్టు.

"గూడెమంతా తాగింది బిడ్డా," అంది కన్నమ్మ.

ఇక్కడ బొజ్జయ్య గురించి రెండు మాటలు చెప్పాలి. ములకలపల్లి దాటాక అడవి అంచునున్న వాళ్ళ గూడెంలో, వేటలో ఏది పడినా, పండుగకు మేకపోతును కోసినా, మాంసం పోగులు పెట్టేది ఆయనే. కండ, ఎముక, కార్జం, కొవ్వు అన్నింట్లోనూ సమానంగా, ఇంటికొక పోగు. కళ్ళు మూసుకుని ఏ పోగు ఎత్తుకున్నా ఒకటే. ఆయన పెట్టిన పోగు చూసి ఇది చిన్నదయిందని సణిగినవాళ్ళు ఇంతవరకూ లేరు. తనకు మాత్రం చివర మిగిలిందే. బొజ్జయ్యకు చేను తక్కువ, మాట అంతకన్నా తక్కువ. గూడెంలో ఆయనకున్న మర్యాద అంతా ఆ రెండు చేతుల్లోనే ఉంది.

అలాంటి మనిషి చేతికి కొడుకు చిరంజీవి బలం పొడి డబ్బా తెచ్చి ఇచ్చాడు. చిరంజీవి పాల్వంచలో కాంట్రాక్టు పని చేస్తాడు. డబ్బా ఇచ్చి, రోజూ రెండు పూటలా కలుపుకుని తాగు నాయనా అని చెప్పి, డ్యూటీ ఉందని అదే బస్సులో తిరిగి వెళ్ళిపోయాడు. కన్నమ్మ కలుపు తీయడానికి పోయి సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వాకిట్లో మోదుగాకు దొప్పలు వరసగా పరిచి ఉన్నాయి. డబ్బా ఖాళీ. గూడెంలోని పిల్లలంతా మూతుల చుట్టూ తెల్లటి మీసాలతో తిరుగుతున్నారు. బొజ్జయ్య పొడిని కూడా పోగులు పెట్టాడు. సమానంగానే పెట్టాడు. చివర మిగలాల్సిన తన పోగే మిగల్లేదు.

ఆ రోజు కన్నమ్మ తిట్టిన తిట్లకు చూరు కింది కోళ్ళు కూడా బయటికి పోయాయి. "సచ్చేటోనివి నువ్వు! వాళ్ళకేం రోగమొచ్చిందని పోసినవ్?"

"చూసుకుంట నిలబడ్డరే," అన్నాడాయన. "నేనొక్కణ్ణే ఎట్ల తాగాలె?"

రెండో డబ్బాను ఆమె జొన్నల గుమ్మిలో దాచింది. తలుపు మూసి, గ్లాసు చేతికిచ్చి ఎదురుగా కూర్చుంది. బయట పక్కింటి పిల్లల మాటలు వినబడుతున్నాయి. బొజ్జయ్య ఒక గుక్క మింగాడు. రెండో గుక్కకు గొంతు పట్టేసింది. మూడోది మొత్తం కక్కేశాడు. అది గడ్డ చేసిన పని కాదని కన్నమ్మకు తెలుసు. సిగ్గుతో కక్కాడు. పుట్టి బుద్ధెరిగాక మూసిన తలుపు వెనక తిన్నవాడు కాదు. డాక్టర్లు గడ్డను ఫోటో తీశారు గానీ ఈ సిగ్గును ఏ మిషనులో ఫోటో తీస్తారు?

ఇదంతా విని హేమలత నవ్వలేదు, తిట్టలేదు. "ఎట్లనన్న తినిపియ్యి పెద్దమ్మా. ఎట్లనో నాకు తెల్వదు. నీకే తెల్వాలె," అంది.

తిరుగు ప్రయాణం ఎప్పుడూ ఉన్నదే. ఖమ్మంలో ఒక బస్సు, కొత్తగూడెంలో ఒకటి, పాల్వంచలో డ్యూటీ దిగిన మనుషులతో కిక్కిరిసిన మరొకటి, ములకలపల్లి నుంచి ఆటో, ఆటో దిగాక బురద. బొజ్జయ్య కిటికీ వైపు తల వాల్చి నిద్రపోయాడు. కన్నమ్మ ఆయన మెడ వంక చూస్తూ కూర్చుంది. కోసేవాళ్ళు దొరికారు, కార్డు మీద ఖర్చు లేకుండా కోస్తారు, మందులున్నాయి, మంచముంది. అన్నీ కుదిరాక ఒక్క తిండి దగ్గర ఈ మనిషి చచ్చిపోతాడా? కడుపు నిండక చచ్చిపోయినవాళ్ళను ఆమె చూసింది. ఎదురుగా పెట్టినా తినలేక చావడమేమిటి? ఆమెకు ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా కొంచెం ఓపిక ఉండాలి. పాల్వంచ దాటాక ఆమె కూడా కళ్ళు మూసుకుంది.

మర్నాడు గూడెంలో భవాని ప్రసవించింది. భవాని వీరబాబు పెళ్ళాం, రెండిళ్ళ అవతల ఉంటుంది. అది మూడో కాన్పు. కన్నమ్మకు పోవాలని లేదు. ఒళ్ళంతా పచ్చిపుండులా ఉంది. కానీ పోకపోతే బాగుండదు కాబట్టి పోయింది.

భవాని గోడ వైపు తిరిగి కూర్చుని తింటోంది. వేడివేడి అన్నం, ఎండుచేపల పులుసు, పక్కన ఉడకబెట్టిన గుడ్లు. పెద్ద పిల్లలిద్దరూ గుమ్మంలోనే గవ్వలాడుకుంటున్నారు. ఒక్కడూ కంచం వంక చూడటం లేదు. అత్త వచ్చి మరో గరిటె అన్నం వేసిపోయింది. భవాని ఎవరినీ తినమని పిలవలేదు. తలెత్తలేదు. సిగ్గు పడలేదు. అలా కుదురుగా, పెద్ద పని చేస్తున్నదానిలా తింటోంది.

కన్నమ్మ అక్కడే నిలబడిపోయింది.

"ఏందత్తా, అట్ల జూస్తున్నవ్?" అంది భవాని.

"నువ్వొక్కదానివే తింటున్నవ్."

"బాలింతను గదా!" ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది భవాని.

నిజమే. ఆ గూడెంలో ఒంటరిగా తినే హక్కున్న మనిషి బాలింత ఒక్కతే. ఆమెది పచ్చి ఒళ్ళు. ఆ ఒళ్ళు కట్టుకునేదాకా ఇంట్లో ఉన్న మంచిదంతా ఆమెదే, పండుగ మాంసంలో ఆమెకు రెండో పోగు, పక్కిళ్ళ నుంచి గుడ్డో చేపో వస్తుంది. ఆమె తింటుంటే పిల్లలు కూడా చూడరు. చూస్తే తప్పు. తను కన్నప్పుడు కన్నమ్మ కూడా అలాగే తిన్నది, ఎవరికీ ఒక్క ముద్ద పెట్టకుండా.

ఆమె బిడ్డను చూడటం కూడా మరిచిపోయి, తిన్నగా పగిడయ్య ఇంటికి నడిచింది. పగిడయ్య గూడానికి పెద్ద, ముత్యాలమ్మ గద్దె దగ్గర పూజ చేసేది కూడా ఆయనే. బొజ్జయ్యను బావా అంటాడు, కన్నమ్మను చెల్లె అంటాడు. చూరు కింద ఇంకో ఇద్దరు ముసలివాళ్ళతో కూర్చుని తాడు పేనుతున్నాడు.

"అన్నా, మా ఆయన్ను బాలింతను చెయ్యాలె," అంది కన్నమ్మ, కూర్చోకుండానే.

పగిడయ్య చేతిలో తాడు వదిలేశాడు. ముసలివాళ్ళలో ఒకడికి నవ్వు పొలమారి దగ్గొచ్చింది. ఇంకొకడు "బిడ్డ మగా, ఆడా?" అని అడిగాడు. కన్నమ్మ వాళ్ళ నవ్వులు అయిపోయేదాకా నిలబడింది. ఆమె నవ్వకపోయేసరికి వాళ్ళూ ఒకరి తర్వాత ఒకరు ఆగిపోయారు.

"పచ్చి ఒళ్ళయితేనే గద బాలింత? ఆయన కడుపు కోస్తరు. కోసినాంక పెడితే లాభం లేదంట, కొయ్యకముందే పెట్టాల్నంట. ఒక్కణ్ణే తినుమంటే తింటలేడు. మీరు చెప్తే తింటడు. బాలింతయితే తినక తప్పదు గదా!"

పగిడయ్య కింద పడ్డ తాడు తీసి చుట్ట చుట్టాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "చెల్లె, బాలింతంటే ఒక్క తిండే కాదు. పురుడు మైల ఉంటది. ఆ మైల తీరేదాక గద్దె కాడికి రావద్దు. పచ్చ పండుగ వస్తాంది, గద్దె కాడ మేకపోతును కోస్తం. పోగుల మీద బావ చెయ్యి పడొద్దు."

"తెలుసు."

"ఇంకోటి గూడ చెప్పాలె. బాలింత మైలల పోతే పెద్దలల్ల కలపం. ఊరవతల ఏరే పెడ్తం. మొగోడని ఏరే నీతి ఉండదు. ఆపరేషన్ల ఏమన్నయితే..."

అదీ ఆమెకు తెలుసు. తెలిసినా, ఆయన నోటితో అంటుంటే చూరు గుంజ పట్టుకుంది. చచ్చిపోతే బొజ్జయ్య వాళ్ళ నాయన పక్కన, తాత పక్కన ఉండడు. ఏడాదికోసారి పెద్దలకు పెట్టే ముద్దలో ఆయన ముద్ద ఉండదు. అందరికీ పోగు పెట్టినవాడికి పోగు లేకుండా పోతుంది.

"మైల ఎప్పుడు తీరుద్ది?" అని అడిగింది.

"గాయం మాని, తన కాళ్ళ మీద తను గూడెంలకు నడిచొచ్చిన్నాడు."

"అయితే చెయ్యుండ్రి," అంది కన్నమ్మ.

బొజ్జయ్యను ఎవరూ అడగలేదు. సాయంత్రం పగిడయ్య వచ్చి వాకిట్లో నిలబడి, అందరూ వినేలా సంగతి చెప్పి వెళ్ళిపోయాడు. బొజ్జయ్య మంచం మీద కూర్చుని అంతా విన్నాడు.

"ఎవర్నడిగి చేసినవే?"

"నిన్నడిగితే ఒప్పుకుంటవా?"

"పోగులు..." అని ఆగిపోయాడు. తన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చున్నాడు. ఆ రాత్రీ, మర్నాడూ పెళ్ళాంతో మాట్లాడలేదు. కన్నమ్మకు ఆయన మీద జాలి వేసింది, ఆ వెంటనే కోపం వచ్చింది, ఆ తర్వాత ఏదీ లేకుండా పోయింది. అలసిపోయిన మనిషికి ఏ భావమూ ఎక్కువసేపు నిలబడదు. ఆమె లేచి గుడ్లు ఉడకబెట్టింది.

కానీ ఆయన తిన్నాడు. ఇష్టంతో కాదు. బాలింతకు పెట్టింది వదిలేస్తే ఆ ఇంటికే చెడ్డపేరు. గోడ వైపు తిరిగి కూర్చుని, ఒక గుడ్డు నాలుగు ముక్కలు చేసుకుని, ఒక్కో ముక్కనూ నమిలి నమిలి మింగాడు. పిల్లలు గుమ్మం ముందు నుంచి పరుగెత్తుకుంటూ పోయారు. ఒక్కడూ లోపలికి చూడలేదు. వాళ్ళ అమ్మలు చెప్పి ఉంచారు. కన్నమ్మ పొయ్యి దగ్గర కూర్చుంది. కక్కుతాడేమో అని చెవులు రిక్కించింది. కక్కలేదు.

మగ బాలింత కబురు పక్క గూడేలకు కూడా పోయింది. ఆడవాళ్ళు నీళ్ళకు పోతూ గుమ్మంలో ఆగి, "బొజ్జన్నా, పాలు పడుతున్నయా?" అని పరాచికాలాడేవారు. ఆడుతూనే కొంగు చాటు నుంచి గుడ్డు తీసి గడప మీద పెట్టి పోయేవారు. వీరబాబు వాగులో పట్టిన చేపలను భవానికి సగం, ఈయనకు సగం చేశాడు. పాల దగ్గర మాత్రం బొజ్జయ్య మొండికేశాడు. ఆ గూడెంలో ఆవును పిండే అలవాటు లేదు, పాలు దూడవి. కన్నమ్మ బలం పొడి నీళ్ళలో కలిపి ఇచ్చి, పాలతో చేసిన పొడే అయినా, ఇందులో పాలు లేవని అబద్ధమాడింది. ఆ పాపమేదో తన ఖాతాలోనే పడనివ్వమనుకుంది.

తిండి పెట్టడం కూడా ఇంత చాకిరీ అని ఆమెకు అంతవరకూ తెలియదు. తెల్లారి జావ, కాసేపటికి గుడ్డు, చేనికి పోయి వచ్చి పప్పు మెత్తగా మెదిపి, మళ్ళీ పొడి నీళ్ళు, పొద్దు వాలితే చేపల పులుసు ముళ్ళు ఏరి. ఆయన ప్రతి ముద్దకూ మొహం చిట్లించేవాడు. కడుపు ఉబ్బేది. నొప్పి వస్తే మోకాళ్ళు ముడుచుకుని పడుకునేవాడు. నొప్పి తగ్గగానే ఆమె మళ్ళీ గిన్నెతో వచ్చేది. "పొమ్మంటున్న గదే," అనేవాడు. "పోతా. ఇది తిను, పోతా," అనేది. ఆమె ఏం తింటోందో, ఎప్పుడు తింటోందో ఆమెకే గుర్తుండేది కాదు. ఆకలి అనేది ఒకటుండేదన్న సంగతే మరిచిపోయింది.

పచ్చ పండుగ నాడు గద్దె దగ్గర డోలు మోగింది. మేకపోతును కోశారు. ఈ ఏడు పోగులు వీరబాబు పెడుతున్నాడు. బొజ్జయ్య ఇంట్లో, గోడ వైపు తిరిగి పడుకుని వింటున్నాడు. కాసేపటికి గొడవ మొదలైంది. మా పోగులో అన్నీ ఎముకలేనని ఎవరో అరిచారు, మా దానిలో కార్జమే లేదని ఇంకెవరో. వీరబాబు ఏదో సర్దిచెప్పబోయి తనే తడబడ్డాడు.

బొజ్జయ్య ఒక్క ఉదుటున లేచి కూర్చున్నాడు. "కార్జం ముందు పంచాలె! ముందే ముక్కలు లెక్కజూసుకోవాలె, తర్వాతనే కండ..." అని గడప దాకా వచ్చాడు.

కన్నమ్మ గడపకు అడ్డంగా కూర్చుని ఉంది. లేవలేదు. "లోపలికి పో," అంది.

"వానికి తెల్వదే. చెడగొడుతున్నడు."

"చెడగొట్టనియ్యి. లోపలికి పో."

ఆయన ఆమె తల మీదుగా గద్దె వైపు చూశాడు. అక్కడి మనుషులు కూడా ఇటు చూశారు. పగిడయ్య మాత్రం మొహం తిప్పుకున్నాడు. బొజ్జయ్య మెల్లగా వెనక్కి వెళ్ళి మంచం మీద కూలబడ్డాడు. కాసేపటికి భవాని అత్త రెండు పోగులు తెచ్చి ఇచ్చింది. ఒకటి ఇంటిది, ఒకటి బాలింతది. కన్నమ్మ కార్జం మెత్తగా వండి పెట్టింది. ఆయన గోడ వైపు తిరిగి తింటూ ఏడ్చాడు. భుజాలు కదలడం ఆమెకు కనబడుతూనే ఉంది. కదులుతూనే చెయ్యి నోటి దాకా పోతోంది. కంచం ఖాళీ అయ్యేదాకా కన్నమ్మ అక్కడి నుంచి కదలలేదు.

మళ్ళీ ఖమ్మం. మిషను ముల్లు నలభై దాటి అవతల ఆగింది. ఎంతో కాదు, కానీ అవతలే. నెత్తురు తీసి చూసి నిర్మలాదేవి మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలింది. "పరవాలేదు. ఇంకా ఉంటే బాగుండేది, కానీ ఇక ఆగకూడదు. చేసేద్దాం," అంది. హేమలత కన్నమ్మ చెయ్యి పట్టుకుని, "ఏం చేసినవ్ పెద్దమ్మా?" అని అడిగింది. కన్నమ్మకు చెప్పే ఓపిక లేదు. "పెట్టిన," అంది అంతే.

ఆపరేషన్ ముందు బొజ్జయ్యకు ఆకుపచ్చ గౌను తొడిగి చక్రాల మంచం మీద పడుకోబెట్టారు. ఆయన తన చేతుల్ని పైకెత్తి చూసుకున్నాడు.

"ఏమన్నయితే ఊరవతల పెడ్తరు గదా?"

ఇన్నాళ్ళూ ఆయన ఆ మాట ఎత్తలేదు. ఆయనకు తట్టలేదేమోనని ఆమె అనుకుంది. తట్టకుండా ఎలా ఉంటుంది?

"పెడ్తరు," అంది కన్నమ్మ. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"తెలిసే చేసినవా?"

"తెలిసే చేసిన."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. తిడతాడనుకుంది. తిట్టలేదు. తడుముకుంటూ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. మంచం తోసేవాళ్ళు వచ్చి ఇక వదలమన్నాక కూడా కొంచెం దూరం అలాగే పట్టుకుని, తర్వాత వదిలాడు.

తలుపులు మూసుకున్నాయి. చిరంజీవి డ్యూటీ మాని వచ్చాడు, మందుల చీటీలతో కిందికీ పైకీ తిరుగుతున్నాడు. కన్నమ్మ వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది. ఊరవతల చోటు ఆమె కళ్ళ ముందు కదిలింది. తుమ్మ పొదలు, రాళ్ళు, ఇంకెవరూ లేని చోటు. తినిపించకపోయినా పోయేవాడే, కానీ వాళ్ళ నాయన పక్కన పడుకునేవాడు. బతికించబోయి చావులో కూడా ఒంటరిని చేస్తున్నానా? ఏ దేవుణ్ణి మొక్కుకోవాలి? మైల ఉన్నవాడి కోసం ముత్యాలమ్మను మొక్కుకోవచ్చో కూడదో ఆమెకు తెలియదు. పగిడయ్యను అడగడం మరిచిపోయింది. ఎవర్నీ మొక్కకుండానే కూర్చుంది. ఎవరో దాటిపోతూ కాలు తొక్కారు. ఆమెకు తెలియలేదు.

ఎండ వరండా ఈ కొస నుంచి ఆ కొసకు జరిగాక నిర్మలాదేవి బయటికి వచ్చింది. ముఖానికి కట్టిన గుడ్డ మెడ దాకా దించుకుంది. కళ్ళ కింద నలుపు.

"అయిపోయిందమ్మా. గడ్డ మొత్తం వచ్చింది. కొసలు బాగా కలిశాయి. లోపల పేగు చూశాను, ప్రాణమున్న పేగులా ఉంది. ఇంకో వారం జాగ్రత్తగా చూడాలి, కానీ కుట్టు నిలబడుతుందనే నా నమ్మకం." ఆమె ఒక్క క్షణం ఆగింది. "పోయినసారే కోసి ఉంటే ఇలా అనేదాన్ని కాదు. రేపటి నుంచి చెంచాతో మళ్ళీ మొదలుపెట్టాలి. నువ్వే పెట్టాలి."

"పెడ్త," అంది కన్నమ్మ.

చిరంజీవి అమ్మను పట్టుకుని ఏడ్చాడు. ఆమె వాడి వీపు నిమిరింది. తనకు ఏడుపు వస్తుందేమో అని చూసుకుంది. రాలేదు. కడుపులో ఎక్కడో అడుగున ఏదో కదిలింది, మెలిపెట్టింది, పైకి పాకింది. ఏమిటో మొదట తెలియలేదు. నొప్పేమో అనుకుంది. తర్వాత తెలిసింది. ఆకలి.

"నువ్విక్కడ కూసో బిడ్డా," అని కొడుకుతో చెప్పి మెట్లు దిగింది.

ఆస్పత్రి గేటుకు ఎదురుగా హోటలుంది. వచ్చిన ప్రతిసారీ దాని ముందు నుంచే పోయింది, ఎన్నడూ లోపలికి చూడలేదు. లోపల బల్లలు, నీళ్ళ గ్లాసులు, పప్పు తాలింపు వాసన. చొక్కా గుండీలు ఊడిన నడివయసు సర్వరు ఆమె వెనకవైపు చూశాడు, ఇంకెవరైనా వస్తున్నారేమో అని.

"ఎంతమందమ్మా?"

"ఒక్కదాన్నే," అంది కన్నమ్మ.

అన్నం వచ్చింది, పప్పు వచ్చింది, పులుసు, కూర. ఆమె రెండు చేతులతో తినేదానిలా తింది. ఎవరికీ తీసి పెట్టలేదు, ఎవరు చూస్తున్నారో చూడలేదు. ఏడుపు సగం అన్నంలో మొదలైంది. ముక్కు కారుతుంటే కొంగుతో తుడుచుకుంటూ, మింగుతూ, మళ్ళీ కలుపుకుంటూ తింది. పక్క బల్ల వాళ్ళు మాటలాపి చూశారు. సర్వరు బకెట్ పట్టుకుని ఏం చేయాలో తెలియక పక్కనే నిలబడ్డాడు.

ఆమె ఎడమచేత్తో విస్తరి ముందుకు జరిపింది.

"ఇంకింత పెట్టయ్యా," అంది.